అడ్డమొచ్చిన చెయ్యి

మామిడి సీజను అయిపోవస్తా ఉంది.
పల్పు ఫ్యాక్టరీ గేటు కాడ ట్రాక్టర్ల వరస పల్చబడింది,
నా చొక్కాకు మాత్రం ఇంకా తోతాపురి వాసనే.

మురకంబట్టులో మా రెండు గదుల ఇంట్లో
పుత్తూరు కట్టు కట్టిన కాలు దిండుమీద పెట్టుకోని జ్ఞాన.
ఆరు వారాలు కదపగూడదన్నారు.
పదోనాటికే గోడమీది బల్లులన్నిటికీ పేర్లు పెట్టేసింది.

వాళ్లమ్మ తిరుపతి బస్సు డ్యూటీకి పోతా
ఫోను నా చేతిలో పెట్టింది,
పిల్లను కూడా.
ఈ ఇంట్లోకి నేనొచ్చి ఎనిమిది నెలలు.
జ్ఞాన నన్ను ఏమనీ పిలవదు.
"ఇదో" అంటాది. లేకుంటే
నా దిక్కు చూసి చిన్నగా దగ్గుతాది.

ఆ రోజు జేబులో ఒక ఎండిన టెంక తెచ్చినా.
పీచు పైకి దువ్వితే ముసలామె జుట్టు.
సైకిల్ ట్యూబు ముక్కతో చీపురుపుల్లలు బిగిస్తే కాళ్లు.
"దీనికీ కట్టు కట్టు" అనింది.
పాత పంచె పేలిక చుట్టినా, ఎడమకాలికి.
"అది కాదు. నాది కుడిది."
విప్పి మళ్లీ కట్టినా.
"ఇప్పుడు ఇది నడవాల."

కందిపప్పు డబ్బాకు ఫోను ఆనించి
జారకుండా గోధుమపిండి ముద్ద అదిమినాం.
ఆమె నొక్కాల, నేను జరపాల,
జరిపేది గోరంత.
జరుపు. తియ్యి చెయ్యి. టక్.
జరుపు. తియ్యి. టక్.
పన్నెండు ఫోటోలకు ఒక్క సెకండంట.
ఆ ఒక్క సెకండులో
నా కాఫీ చల్లారి మీగడ కట్టింది.

ఫ్యాక్టరీలో బెల్టు మీద కాయలు పరిగెత్తతాయి,
కుళ్లింది ఏరి పారేసేది నా పని.
ఒక కాయను రెండోసారి చూసిందే లేదు.
ఇక్కడ ఒకటే టెంక, పొద్దు వాలేదాకా.
దానికొక బుగ్గ సొట్ట ఉందని
మూడోనాడు కనబడింది.

చీమ ఒకటి మధ్యలో వచ్చి వేషం కట్టింది.
కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి
టెంక మొహాన వేరే సాయంత్రం.
నా మోచెయ్యి తగిలి డబ్బా కదిలింది,
అరవై ఫోటోలు బూడిదలో పోసినట్టు.
"నీకు ఓపికే లేదు" అనింది.
నాకా!
ఎనిమిది నెలల మాట నోటిదాకా వచ్చింది.
మింగి, టెంకను గోరంత జరిపినా.

నాలుగు రోజులకు నూటాముప్పై రెండు.
అంటే పదకొండు సెకండ్లు.
దుప్పటి కింద దూరి చూసినాం, వెలుతురు పడకుండా.
టెంకమ్మ లేచింది.
కుంటతా, ఊగతా, కిటికీ నుంచి బియ్యం డబ్బా దాకా
ఎవరూ తోయకుండా, ఎవరూ లాగకుండా నడిచి పోయింది.

మధ్యలో మెరుపులాగ ఏందో.
ఆపి చూస్తే నా చెయ్యి.
నాలుగు ఫోటోల్లో తీయడం మరిచిన చెయ్యి,
గోళ్లలో పల్పు పసుపు,
అంత పెద్దది నాదేనా అనిపించేంత పెద్దది.
"చెడిపోయింది. ఆ నాలుగూ తీసేద్దాం" అన్నా.
పలకలేదు. మళ్లీ వేసింది. మళ్లీ.

"ఉండనీ.
పడబోతా ఉంటే పట్టుకున్నట్టుండాది."

పలక తెమ్మనింది, సుద్దముక్క తెమ్మనింది.
రాసింది, ఆఖర్న పేర్లు పడాలని:
నడిచింది టెంకమ్మ.
ఫోటోలు జ్ఞాన.
అడ్డమొచ్చిన చెయ్యి
అని రాసి ఆగింది.
"మునిరత్నం అంటే
త కింద న వత్తా, న కింద త వత్తా?"
చెప్పినా. గొంతు సరిగా రాలేదు, మళ్లీ చెప్పినా.
నాలుక కొన బయటపెట్టి
వంకర లేకుండా రాసింది.

పలకను గోడకు నిలబెట్టినా.
టక్. టక్. టక్.
ఒక సెకండుకు పన్నెండు చాలు గదా అన్నా.
వినబడనట్టు
ఆమె నొక్కతానే ఉండాది.