మెలి

గోగునార దుమ్ము గొంతులో కూర్చునే చోట,
నెల్లిమర్ల దాటాక, చంపావతి గట్టు పక్క మిల్లులో
మోటారుకీ కార్డింగు యంత్రానికీ మధ్య
ఏడడుగుల ఇనప షాఫ్టు.
నిమిషానికి ఆరువందల చుట్లు.
చూస్తే కదలనట్టే ఉంటుంది,
దీపపు మెరుపొకటి దాని ఒంటి మీద నిలబడిపోయి.

దాన్ని ముట్టుకోకుండా
అది మోసే బరువు తెలుసుకు రమ్మని
నన్ను విజయనగరం నుంచి పంపేరు.

ముదడ్ల గవరయ్య నవ్వేడు.
"ముట్టకుండా ఏటి తెలుస్తాది తల్లీ?
నాను ముట్టే తెలుసుకున్నాను"
అని కుడిచెయ్యి దీపం కిందికి చాపేడు.
మూడు వేళ్లు.
మిగతా రెండింటి సంగతీ నేనడగలేదు.
ఆయన చూపే షాఫ్టు దాకా వెళ్లి తిరిగొచ్చింది.

రాత్రి భోజనాల గంటకి మిల్లు ఆపేరు.
అప్పుడు మాత్రం ముట్టుకున్నాను.
నూనె తుడిచి, దారం లాగి,
ఈ చివరొక తెల్లగీత, ఆ చివరొక తెల్లగీత
ఒకే వరసలో గీసేను.
గీతకెదురుగా, గోరంత ఎడంలో
ఒక్కో కన్ను బిగించేను.
గవరయ్య టార్చి పట్టుకున్నాడు,
మూడు వేళ్లతో, వణక్కుండా.

ఖాళీగా తిప్పినప్పుడు
తెర మీద రెండు ముళ్లూ ఒకదానిలో ఒకటి దాక్కున్నాయి.
తరవాత నార వేసేరు.
మోటారు వైపు గీత వచ్చింది.
అవతలి గీత
రాలేదు,
రాలేదు అనుకునే లోపు వచ్చింది.

రెప్పపాటుని వెయ్యి ముక్కలు చేస్తే
అందులో ఒక ముక్క ఆలస్యం.
బరువంతా ఆ ముక్కలోనే ఉంది.

"ఇనుము కదా, మెలి తిరుగుతాదేటి?"
తిరుగుతుంది. అర డిగ్రీ.
దించేస్తే మళ్లీ తిన్ననైపోతుంది, ఏమీ ఎరగనట్టు.
తువ్వాలు పిండినట్టు అనబోయి మానేసేను.
తువ్వాలుకి ముడతలు మిగుల్తాయి.

ఆయన చాలాసేపు ముళ్లనే చూసేడు.
తర్వాత గెడ్డంతో తలుపు వైపు చూపించేడు.
"అసిరమ్మని ఇను.
సూడొద్దు, ఇను."

నెత్తిన నారమోపుతో వస్తోందామె.
సిమెంటు నేల మీద అడుగు.
దాని వెనక ఊపిరి.
అడుగు. కొంచెం ఆగి, ఊపిరి.
"ఖాళీగా ఎల్లినపుడు రెండూ ఒకపాలే.
మోపు పెద్దదైతే ఎడం పెరుగుతాది.
ఇరవయ్యేళ్లుగా ఇంటన్నాను.
సూపరైజరుకి సెప్పేను కూడా ఓసారి."
ఏమన్నాడని అడిగేను.
"నీ మిషను సూడు" అన్నాడు గవరయ్య.

తెల్లారి ఆరింటికి మోటారు ఆగింది.
ముళ్లు రెండూ దగ్గరకొచ్చి కలిసిపోయేయి.
అంకె రిజిస్టరులో రాసి సంతకం పెట్టేను.

అసిరమ్మ ఆఖరి మోపు దించి
దాని మీదే కూచుంది, కాళ్లు చాపుకుని.
ఆమె ఊపిరి ఎప్పుడు తిన్ననైందో
నా కాగితంలో దానికి గడి లేదు.
బస్సు హారను కొట్టేదాకా
నిలబడి వింటూనే ఉన్నాను.