కలుపు గింజల గిన్నె

డులూత్ రేవులో తెల్లవారి నాలుగున్నర.
సుపీరియర్ సరస్సు మీది మంచేదో, గోధుమ దుమ్మేదో
తెలీదు, రెండూ ముక్కులోకే వస్తాయి.
ఓడ పొట్ట తెరుచుకుని నిలబడింది.
ఈసారి సరుకు అమ్మకం కాదు, దానం.

దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు.
నా జీతమే అది, లెక్కపెట్టడం.

పావుగంటకో చెంబెడు గింజలు నా బల్ల మీదికి.
తేమ చూస్తాను, పొట్టు జల్లిస్తాను,
ముడుచుకున్నవీ విరిగినవీ పురుగు తొలిచినవీ
వేరువేరు గిన్నెల్లో పోస్తాను.
ఆఖర్న వాసన. దానికింకా మిషను రాలేదు.
డ్వేన్ హాల్వర్సన్ ముప్పయ్యేళ్ళుగా ఇక్కడే జల్లెడ పట్టినవాడు.
"ఊరికే ఇచ్చేదాన్ని రెండుసార్లు చూడు హైమా,
కొన్నవాడు తిడతాడు,
పుచ్చుకున్నవాడు తిట్టలేడు" అంటాడు.

ఇవి ఎవరో ఆకలిగొన్న పిల్ల కంచంలో పడతాయనుకున్నాను మొదట్లో.
కాగితాలు చదివితే, కాదు.
డకార్‌లో పిండిమిల్లుల వాళ్ళు పాట పాడి కొంటారు.
రొట్టెలవుతాయి, డబ్బున్నవాళ్ళు తింటారు.
ఆ డబ్బు లోపలి ఊళ్ళకి నడుస్తుంది
వేరుశనగ ఆరబోసే గచ్చు కళ్ళాలకి,
బూజు పట్టని గోతాలకి,
పంటలో తేమ కొలవడం నేర్పే కుర్రాడి
మోటారుసైకిల్లో పెట్రోలుకి.

ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టుంది.
దారిలో ఎవరి చేతికెంత అంటుకుంటుందో
నా జల్లెడలో తేలదు.
రొట్టె చవకై, ఆ వారం
సజ్జలమ్ముకునే ఆమె తట్ట నిండుగానే ఇంటికెళితే
ఆ గింజకి నా దగ్గర గిన్నె లేదు.

మా అనంతపురం చేలల్లో వయ్యారిభామ మొలిచేది.
తెల్లటి పూలు, తాకితే ఒళ్ళంతా దద్దుర్లు.
అమెరికా గోధుమలతో ఓడెక్కి వచ్చిందనేవాడు పెదనాన్న,
నిజమో కాదో,
వేరుశనగ సాళ్ళలో దాన్ని పీకుతూ, చేతులు గీక్కుంటూ.
కరువేడు ఆ గోధుమనూక తినే బతికామనీ ఆయనే అనేవాడు,
అదే గొంతుతో,
రెండో చెయ్యి గీక్కుంటూ.

అందుకే ఈ గిన్నె దగ్గర నాకు ఆలస్యం.
భూతద్దం కింద నల్లగా ఒకటి.
పట్టకారుతో ఇటు తిప్పాను, అటు తిప్పాను.
"లోడింగ్ ఆపాలా?" రేడియోలో ఎవరో.
ఓడ నిలబడితే గంటకెంతో వాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు.
డ్వేన్ కాఫీ తాగడం మానేసి చూస్తున్నాడు.
ఇంకో చెంబు తెమ్మన్నాను.
తర్వాత ఇంకోటి.

అడవి ఆవ. హద్దులోనే ఉంది.

ఏడింటికి సంతకం పెట్టాను:
గోధుమ, ఎర్రది, గట్టిది, రెండో రకం.
రెండో రకం అన్న మాట దగ్గర
కలం కాసేపు ఆగింది, ఎందుకో.

బయటికొచ్చి చొక్కా జేబు తిరగేసి దులిపాను.
ఎక్కడ నక్కాయో ఐదారు గింజలు రాలాయి.
రేవు పావురాళ్ళు
వాసన కూడా చూడకుండా తినేశాయి.