ఏడో దెబ్బ

కిటికీ మూయడం మరిచిపోతే
శౌరి కీబోర్డు మీద ఎర్రటి పొడి.
ఓడెక్కి దేశాలు పోవాల్సిన ఇనుపరాయి
కొంచెం జ్ఞానాపురంలోనే దిగిపోతుంది.
తెల్ల మెట్ల మీద కంటికి కనిపిస్తుంది,
నల్లవాటి మీద వేలికి తగులుతుంది.
పాత బనీనుతో తుడుస్తూ అంటాడు:
"ఇదీ ఉందిరా ఆల్బమ్‌లో. ఇంటే తెలుస్తాది."

తొమ్మిదేళ్ళు చేశాడు. ఒక్కడే.
పగలు పెళ్ళి మండపాల్లో
తాళి కట్టేవేళకి ఒకటి, భోజనాలకి నాలుగు,
కరెంటు పోతే హార్మోనియం.
రాత్రి తలుపేసుకుని,
మేం నిక్కర్లలో ఉన్నప్పుడు
ఎక్కడో పొగమంచు దేశాల్లో పొడుగుజుట్టు కుర్రాళ్ళు
చర్చిలంత పెద్ద పాటలు కట్టేవారు కదా,
ఆ ఇటుకలు ఏరుకుంటూ.

అప్పట్లో ఒక పెట్టె ఉండేదట.
మెట్టుకో టేపు ముక్క.
నొక్కితే, ఎవరో ఎప్పుడో వాయించి వెళ్ళిపోయిన వయొలిన్
ఎనిమిది సెకన్లు పలికి ఆగిపోతుంది.
ఎంత గట్టిగా నొక్కినా అంతే.
"ఎనిమిది చాల్రా," అన్నాడు శౌరి,
"లూర్దు పోయినప్పుడు ఒక్క ఊపిరికి నేనూ అంతకన్నా ఏడవలేదు.
వేలెత్తి, మళ్ళీ నొక్కాలి."

ఆ పెట్టె విశాఖలో ఎక్కడ దొరుకుతుంది?
దాని గొంతుకి నకలు సంపాదించాడు.
తిరిగే స్పీకరు కూడా కావాలన్నాడు.
పూర్ణా మార్కెట్ వెనక పాతసామాన్ల కొట్లో టేబుల్ ఫ్యాను కొని
రెక్కలు పీకి స్పీకరు బిగించాడు.
మొదటి రాత్రే వైర్లు మెలిపడి పటుక్కున తెగి
వీధంతా చీకటి.
ఎదురింటి అచ్చియ్యమ్మ తిట్టిన తిట్లు
మూడో పాటలో వెనకెక్కడో ఉన్నాయి. తీసెయ్యలేదు.

నన్ను పిలవలేదు.
ముప్పై ఏళ్ళు వాడి ఎడమపక్కన డ్రమ్స్ వాయించినవాణ్ణి.
హుద్‌హుద్ రాత్రి నా రేకుల షెడ్డు లేచిపోయింది.
పెద్ద డ్రమ్ము మూడోరోజున గెడ్డలో దొరికింది,
తోలు చిరిగి, లోపల ఎవరిదో ఒంటి చెప్పు.
ఆ తర్వాత నేను కొన్నదీ లేదు, వాడు అడిగిందీ లేదు.
అన్నీ వాడే వాయించుకున్నాడు, పది వేళ్ళతో:
బేసు, వేణువు, ఆడగొంతుల బృందం. డ్రమ్స్ కూడా.
సీడీ చేతిలో పెడితే, వెనక అట్ట మీద ఒకటే పేరు చూసి
"బావుంది" అన్నాను, వినకుండానే.

మొన్న ఆదివారం పూజ అయ్యాక పట్టుకొచ్చి కూర్చోబెట్టాడు.
రెండో వైపట. సీడీకి వైపులేంట్రా అంటే
"నువ్వు విను సన్నాసీ" అన్నాడు.
నా పేరే అది. తిట్టు కాదు.

ఇరవై రెండు నిమిషాలు, ఒకటే పాట. ఏడు దెబ్బల లెక్క.
తకిట తకధిమి, తకిట తకధిమి.
మిశ్రచాపే, సూటూ బూటూ తొడుక్కుని.
ఆర్గాను డాల్ఫిన్ నోస్ మీది దీపంలా
చుట్టూ తిరిగొచ్చి ముఖం మీద పడి వెళ్ళిపోతోంది.
ఆరో నిమిషంలో డ్రమ్స్ వచ్చాయి.
ఏడో దెబ్బ
వెంట్రుకవాసి ఆలస్యం.

నాకు చెమట పట్టింది.
నాదే అది. ఆ ఆలస్యం.
ఎన్ని మండపాల్లో ఎంతమంది పాటగాళ్ళు
వెనక్కి తిరిగి గుడ్లురిమారో దానికి.

"సరిచెయ్యలేదేం?"
"సరిచెయ్యడం ఏటి? మిషను దానంతటది కరెక్టుగానే కొడతాది.
దాన్ని నీలాగ చెయ్యడానికి
నాకు రెండేళ్ళు పట్టీసింది."

టీ చల్లారిపోయింది. ఎవరం తాగలేదు.

ఇంటికొస్తూ రైలు బ్రిడ్జి మీద ఆగాను.
కింద గూడ్సు, కొండల్నించి ఇనుపరాయి మోసుకుంటూ.
ఏడేసి చొప్పున లెక్కపెట్టాను.
యాభై ఎనిమిది పెట్టెలు.
రెండు మిగిలాయి.