తొమ్మిది వోల్టులు

పన్నెండు వందల యాభై.
డబ్బా మీద పేరు కూడ సక్కగ అచ్చుకాలేదు,
ఒక అక్షరం కిందికి జారింది.
పక్కనే జోయెల్ పెడల్, పదమూడు వేలది.
సికింద్రాబాద్ నుంచి బస్సుల
ఒళ్లె పెట్టుకొని తెచ్చిండు, పసిపిల్ల లెక్క.

దేవరకొండ బస్టాండ్ ఎనుక యాకూబ్ రిపేరు దుకాణం.
మిక్సీలు, ఫ్యాన్లు, నోరు తెరిచిన కూలర్లు.
వాటి నడుమ నా గిటారు,
తెగిన తీగెకు ఏసిన ముడి ఇంకా కనపడుతనే ఉన్నది.

"తేడా లేదంటే పైసలు పెట్టినోడు ఒప్పుకోడు,
ఉన్నదంటే పెట్టనోడు ఒప్పుకోడు.
చెవి ఉన్నోన్ని పిలువుండ్రి" అన్నడు యాకూబ్.

పెంటయ్య వచ్చిండు.
నలభై ఏండ్ల సంది డప్పు కొట్టే మనిషి.
గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నడు,
బీడి ఆర్పలేదు.
ఒకటి వాయించిన. ఇంకోటి వాయించిన.
రెండోదాన్నే మళ్ల వాయించి మోసం చేద్దామని చూసిన.
"మొదటిదానికి మంట తక్వ పడ్డది" అన్నడు.
తోలుకు గడ్డిమంట ఎట్లనో
దీనికి గూడ ఏదో ఒకటి కాగాలె, అది ఆయన లెక్క.
"రెండోది మంచిగ కాగింది.
మూడోది గూడ అదే గదా, నన్నెందుకు గోస పెడుతవ్?"

నేను జోయెల్ మొఖం చూడలేదు.
మొదటిది వానిది.

యాకూబ్ రెండిటి మరలు ఇప్పిండు.
లోపల అదే పచ్చ పలక,
అవే చింతగింజలసొంటి కెపాసిటర్లు,
అదే తొమ్మిది వోల్టుల ఆకలి.
ఒకదాని టంకం సన్న బియ్యం గింజ మెరిసినట్టు,
ఇంకోదానిది తొందరల పెట్టిన ముద్ద.
"ఎవలో పిల్ల, పొద్దుగూకే యాళ్లకు
నూరో డబ్బా అతికిచ్చి ఉంటది,
చెయ్యి గుంజుతుండొచ్చు" అన్నడు.
ఆ పిల్ల ఏ దేశంలనో. మాకు తెల్వదు.

అప్పుడు తొక్కి చూసిన.

మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు తాగి పెరిగినోన్ని.
పండ్ల మీది మచ్చలు నోరు మూసుకుంటే దాగుతయి,
మోకాలు దాగదు.
అగ్గువ దాని స్విచ్చి గట్టిది,
తొక్కాలంటే నడుము గూడ వంగి బతిమాలాలె.
పదమూడు వేలది
కాలు ఆనిస్తే చాలు,
"ఆఁ, ఇన్న" అన్నట్టు టిక్కుమంటది.

పెంటయ్య చెవి ఒక మాట చెప్పె,
నా మోకాలు ఇంకో మాట.
పదకొండు వేల ఏడు వందల యాభై రూపాయలు,
అన్ని ఒక్క టిక్కుల ఉన్నయి.

యాకూబ్ ఏం అడుగలేదు.
పాత టేప్ రికార్డర్ ఒకటి కిందికి గుంజి
దాని మెత్తటి మీట ఊడబీకిండు,
రంధ్రం అరగదీసి కూసోబెట్టిండు,
పైన సోడా మూత అతికిచ్చిండు, కాలు జారకుంట.
"ముప్పై ఇయ్యి, చాయ్ నీదే."

డిండి దగ్గర పెండ్లి. బరాత్ ఆగినప్పుడు
పాటకూ పాటకూ నడుమ సప్పుడు లేని జాగల
నా పెడల్ రేడియో పట్టింది.
స్పీకర్ల నుంచి సన్నగ, మర్యాదగ,
పత్తి క్వింటాలు ధర.
ఎనుక నుంచి ఒక ముసలాయన,
"ఎంతన్నడు? మళ్లొక్కసారి పెట్టు."
జోయెల్ కడుపు పట్టుకొని నవ్విండు.
వాని పెడల్ ఇసొంటి ఏషాలు ఎయ్యదు, నిజమే.
పెండ్లికొడుకు అన్న మాత్రం గుర్రుగ చూసిండు.

పెంటయ్యది ఇప్పుడు ఫైబర్ డప్పు.
బోల్టులు తిప్పితే బిగుస్తది,
వానకు నానదు, మంట అక్కర లేదు.
అయినా మొదలుపెట్టే ముందు
రోడ్డు పక్కకు పోయి ఇంత గడ్డి అంటిస్తడు.
డప్పును దూరం పెట్టి
చేతులు కాపుకుంటడు.

నేను గూడ పోయి కూసుంట,
కాలు ఆ దిక్కు సాపి.