ఏడు కింద గీత

గ్రిమ్స్‌బీ రేవు దగ్గర, ధర్మాసుపత్రి వాళ్ల పాతసామాను కొట్లో
జిగ్సా పెట్టెల అడుగున దొరికింది, యాభై పెన్నీలకి:
ముప్పైరెండు పేజీలు, తుప్పు పట్టిన రెండు పిన్నులు,
ఊడొచ్చిన అట్ట, అట్ట లోపల లేతనీలం గళ్లలో
ఎవరూ కట్టని కోట పటం.
"ఉప్పుగంట కోట. నలుగురైదుగురు సాహసికులకు."

ఆడనివాళ్లకి చెప్పడం కష్టం.
కథకి కావలసినవన్నీ ఉండి
కథ మాత్రం లేని పుస్తకం ఇది.
తలుపు తెరిస్తే. తాడు తెగితే. అబద్ధమాడితే.
గంట మోగిస్తే, మోగించకపోతే.
ఎక్కడ చూసినా తే, తే, తే.
ఒక్క వాక్యమూ తనంతట తాను 'జరిగింది' అనదు.
ఎవరో పేరు చెరిగిపోయిన మనిషి
టైపు మిషను ముందు రాత్రులు కూర్చుని
ఎవరూ దిగకపోవచ్చని తెలిసిన మెట్లకి కూడా
మెట్టు మెట్టుకీ నాచు పట్టించాడు.

గడి కట్టిన పేరాలు పైకి చదవాలి:
"మీ దివిటీ వెలుగులో గోడలు చెమర్చి ఉన్నాయి..."
తక్కినదంతా నా కళ్లకే.

మార్జిన్ల నిండా పెన్సిలు.
ఎడమకి వాలి, గట్టిగా నొక్కే చెయ్యి.
మూడో గది: "గ్లెనిస్‌కి తాళం రాలేదు. తన్నింది."
ఎనిమిదో గది: "నెవిల్ గుమ్మంలోనే చచ్చాడు. అలిగి చిప్స్ కొనడానికి పోయాడు."
పదకొండో గది మీద టీ కప్పు అడుగు, గుండ్రంగా.
ప్రతి జంతువు పక్కనా తీసివేత లెక్క,
ఇరవైరెండు, పదిహేడు, తొమ్మిది, కొట్టివేత,
కిరాణా పద్దులా చావులు.

పందొమ్మిదో గది. వంతెన కింది రాకాసి.
ముప్పైమూడు. ఇరవయ్యారు. పద్నాలుగు. ఏడు.
ఏడు కింద గీత.
గీత కింద ఏమీ లేదు.
పక్కన, "వచ్చే గురువారం."
ఇరవయ్యో గది నుంచి వేలిముద్ర కూడా లేదు.

ట్రాలర్లు ఒకటొకటే గొలుసుకి కట్టేసిన ఏళ్లవి.
గ్లెనిస్‌కి ఎక్కడో పని దొరికి ఉంటుంది.
నెవిల్ మళ్లీ అలిగి ఉంటాడు.
అంతకు మించి ఊహించబుద్ధి కాలేదు.

మేం ఆడేది లాండ్రీ వెనక గదిలో, డ్రయ్యర్ల హోరులో.
లొరెయిన్, చేపల ఫ్యాక్టరీలో నా షిఫ్టే.
కీలీ, ఫోను బోర్లించి పెట్టడం ఈ మధ్యనే నేర్చింది.
గ్దీనియా నుంచి వచ్చిన బొగుస్లావ్,
పాచిక మీద ఊదకుండా వెయ్యడు.
ఐదు వారాలు పట్టింది వంతెన దాకా రావడానికి.

పుస్తకం ముప్పైమూడు అంటోంది.
నా నోరు ఏడు దగ్గర మొదలెట్టింది:
"దాని భుజం చీలి ఉంది. నెత్తురు ఎప్పుడో ఎండింది."
"ఎవరు కొట్టారు?" అంది లొరెయిన్.
"మీకంటే ముందు వచ్చినవాళ్లు."
"వాళ్లేరీ?"

ఒక డ్రయ్యరు ఆగింది.
బొగుస్లావ్ గుప్పిట్లోకి ఊదుతున్నాడు.
ఏడు ఎంతని, ఒక్క దెబ్బ.
"ఆగు," అంది కీలీ. "అంగీ చింపుతా. కట్టు కడతా."

పేజీ తిప్పాను. వెనక్కి తిప్పాను.
కొడితే ఉంది. పారిపోతే ఉంది. బంగారం ఎర వేస్తే ఉంది.
కట్టు కడితే లేదు.
మెట్లకి నాచు పట్టించిన మనిషికి
ఇది తట్టలేదు.

"వెయ్యి" అన్నాను, ఎంత రావాలో నాకే తెలియక.
ఇరవై ముఖాలు బల్ల మీద దొర్లి దొర్లి
పదకొండు.
ముగ్గురూ నా మొహం కేసి చూశారు.
చాలు, అన్నాను.

వాళ్లు దుప్పట్లు మడుచుకుంటుంటే
ఆ గీత కింద, ఆ చేతికి ఎదురువాలుగా
తొమ్మిది అని రాశాను.
పుస్తకం మొత్తంలో అదొక్కటే కూడిక.
పక్కన 'వచ్చే గురువారం' అని రాయబోయి
పెన్సిలు జేబులో పెట్టుకున్నాను.