పెంచలయ్య బూత్‌లో

పగలంతా ఆ అడవిలో నేనొక్కణ్ణే.
స్టోన్‌హౌస్‌పేటలో మేడ మీది గది,
మూలుగుతూ తిరిగే ఫ్యాను,
బర్మా బజారులో కొని, లుంగీలో చుట్టి
పినాకినిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న తెల్లపెట్టె.

ఒంటరిగా ఆడటమూ బాగుండేది.
ఎవరికోసమూ తొందరపడక్కర్లేదు.
రాక్షసులన్నీ చచ్చాక కూడా
ఆ వాగు పక్కన ఊరికే నిలబడేవాణ్ణి
తెరమీద వాన పడుతుంటే.
బయట నెల్లూరు మే నెల.
మెడ వెనక చల్లబడేది, ఒట్టు.

రాత్రి పదకొండు దాటాక
పెంచలయ్య ఎస్టీడీ బూత్ షట్టరు సగానికి దించేవాడు.
కిందనుంచి ముందు పెట్టె, తర్వాత నేను.
ఫోను తీగ పీకి దానికి గుచ్చితే
కీచుమని, గరగరమని,
గొంతు సవరించుకుని లోకం పలికేది.
మీటరు మీద ఎర్ర అంకెలు మిడతల్లా గెంతేవి.

మొత్తం నలుగురం.
ఒకడికి పేరు బదులు మూడు చుక్కలు,
ఏ దేశమో ఏమో.
నాది ఇంటర్ సప్లిమెంటరీ ఇంగ్లీషు.
అందుకని పలకరింపుకి ఒక గెంతు,
థాంక్సుకి రెండు.

మొదటి రాత్రే మూడో గుహలో చచ్చిపడ్డాను.
మూడు చుక్కలవాడు వెనక్కొచ్చి లేపాడు.
వీపు మీది నీలం కత్తి తీసి
నా కాళ్ల దగ్గర పెట్టాడు.
నా డబ్బంతా కింద పోశాను.
ముట్టుకోలేదు. ఒక్క గెంతు, వెళ్లిపోయాడు.

స్టూలు మీంచి చూస్తున్న పెంచలయ్య
బీడీ ఆర్పి అన్నాడు:
"అది రొట్టె రా అబ్బయా.
స్వర్ణాల చెరువులో మోకాలి లోతున నిలబడి
మొగం తెలీనోళ్ల కాడ పట్టుకుంటామే, అది.
కోరిక తీరినాక ఇంకొకరికి ఇయ్యాల."

ఏడాది ఆగే ఓపిక లేదు నాకు.
పదహారో రాత్రి
గోడకి కొట్టుకుంటూ నడిచే కొత్తవాడొకడు కనబడితే
కత్తి కింద పెట్టాను.
అబద్ధమెందుకు,
రెండుసార్లు పెట్టి రెండుసార్లూ తీసేసుకుని
మూడోసారి పెట్టాను.
వాడు వంగాడు.
కరెంటు పోయింది.

చీకట్లో అగ్గిపెట్టె వెతుకుతూ పెంచలయ్య,
"ఇచ్చినావా?"
"ఇచ్చా."
"తీసుకున్నాడా?"
ట్రంకు రోడ్డు మీద లారీ ఒకటి
షట్టరుని వణికించి పోయింది.

మర్నాడు పెట్టె వెలిగిస్తే
కత్తి నా వీపు మీదే ఉంది.
వాడి దగ్గరా ఉందా,
ఇద్దరికీ చెరొకటి పుట్టిందా,
లేక నేనసలు ఇవ్వనే లేదా?
వాగు పక్కన నిలబడ్డాను.
వాన.
పదకొండు కావడానికి ఇంకా పన్నెండు గంటలు.