సాగిన చైన్

నాలుగో దినం ఒడిసింది.
హుజూరాబాద్‌ల బడి వరండా,
సైకిల్ బోర్లేసి కిరసనాయిలుతోని కడుగుతున్న.
ఓదెలు గోడకు కాళ్లు జాపి పండుకున్నడు.
మొన్న వానకాలంల నలభై ఒక్కటి నిండినై.
మందమర్రి పోరడు, ఇరవై రెండేండ్లోడు,
ముప్ఫై ఒక్క సెకన్లు ముంగట ఉన్నడు.

అందరు నన్నే అడుగుతున్నరు: గెలుస్తడా ఇంక?
నాకేమెరుక. నేను ఇనుము సంగతి చెప్పగల.

మొన్న మహబూబ్ ఘాట్ ఎక్కేకాడ
పోరడు సీటు మీదికెళ్లి లేచి గుంజిండు,
ఈయన లేవనే లేవలె.
టీవీల అందరికి గదే కనవడ్డది.
నాకు కనవడ్డది బ్రేకు రబ్బర్లు:
ఘాటంత దిగినా కొత్తయి కొత్తయే ఉన్నై.

చైన్ కొలిచిన.
అరిగిన చైన్ పొట్టిగాదు, పొడుగైతది.
"మారుస్తనే" అన్న.
కండ్లు తెరువకుంటనే అన్నడు,
"కొత్తది పాత పండ్ల మీద ఎగురుతదిరా.
అవి రెండు కల్సి అరిగినై. ఉండనియ్."

రేపు ఎల్కతుర్తి దాటంగనే
పత్తి చేన్ల మీదికెళ్లి అడ్డంగాలి.
అది ఎన్నిగొట్టంగ లేస్తదో ఈయనకెరుక.
పోరడికి కాళ్లున్నై, గాలి తెల్వది.
ఇంతమాత్రానికే
హన్మకొండ చౌరస్తల దండ ఈయన మెడలనే అంటలేను.

నిద్రల గూడ తొక్కుతనే ఉన్నడు.
కుడికాలు ఒక్కటే.
ఎడమ మోకాలు సంగతి
డాక్టర్‌కు తెల్వది, మేనేజర్‌కు తెల్వది.

చైన్‌కు నూనె చుక్కలేసిన,
ఒక్కో లింకుకు ఒక్కో చుక్క.
నూటపద్నాలుగు.
మారువలె.